ఎడమవైపు గొంతు

ఆమెకు ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని పని చేసుకునే ఆ కాసేపట్లో పాప గుక్కపట్టి ఏడిస్తే తనకు వినపడదేమోనని. దొంగలంటే భయం లేదు, చీకటంటే లేదు, చివరికి అత్తగారన్నా పెద్దగా లేదు. ఇదొక్కటే. గుక్కపట్టిన పిల్ల ఊపిరి తిప్పుకోలేక నీలంగా మారిపోతుందని ఎవరో ఎప్పుడో అన్నారు. అన్నవాళ్ళు అనేసి చక్కా పోయారు. ఆ మాట మాత్రం ఈమె దగ్గరే కాపురం పెట్టింది.

అందుకని ఆమె ఒంటి చెవితో పని చేసేది. ముందుగదిలో గోడవారగా బల్ల, బల్ల మీద రికార్డింగు మాస్టారు ఇచ్చిన కంప్యూటరు. ఆయన రికార్డు చేసి పంపిన పాటల్లో గొంతుల్నీ వాయిద్యాల్నీ సమంగా సర్ది కలపడం ఆమె పని. ఎడమచేతి పక్కన లోపలి గది గుమ్మం, గుమ్మం అవతల ఉయ్యాల. హెడ్‌ఫోన్స్‌లో కుడివైపు డిప్ప చెవికి ఆనించుకుని, ఎడమవైపు డిప్పను వెనక్కి, జడ ముడి మీదికి తోసేసేది. కుడి చెవి పాటకి, ఎడమ చెవి పాపకి. ఇంతకంటే న్యాయమైన పంపకం ఉంటుందని ఆమెకు తోచలేదు.

ఆ పొద్దున ఆమె ముందున్నది నలుగురు మనుషుల బ్యాండు పాట. ముందుండి పాడేది అన్న. అతని వెనక రెండో గొంతు కలిపేది సొంత చెల్లెలు. గిటారు వాయించే పొడుగాటి అతను ఒకడు, డ్రమ్ములు వాయించే లావుపాటి మనిషి ఒకడు. ఈ చివరాయన్ని అందరూ ‘దంచుడు’ అంటారు, ఆయన కూడా పలుకుతాడు. వాన వెలిశాక బట్టలు మళ్ళీ దండెం మీద ఆరేసుకోవడం గురించి పాట. ఆమెకు నచ్చింది. దండెం మీద ఆరేసే పని ఆమెకు రోజూ ఉన్నదే, దాని మీద ఒకరు పాట కడతారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

గొంతులో హెచ్చుతగ్గుల్ని ఒత్తి సమం చేసేదాన్ని ఆమె ‘ఒత్తుడు’ అనేది. బొంగురునూ కీచునూ విడదీసి కావలసినంతే ఉంచేది ‘జల్లెడ’. గొంతు చుట్టూ గది ఉన్నట్టు అనిపించేలా చేసేది ‘గోడలు’. తెర మీద వాటి అసలు పేర్లున్నాయి. మాస్టారు ఆ పేర్లతోనే చెబుతారు, ఆమెకు అర్థమవుతుంది కూడా. కానీ చేతికి పని పురమాయించేటప్పుడు మాత్రం తను పెట్టుకున్న పేర్లే వచ్చేవి.

గ్రూపు ఫొటోలో మనుషుల్ని నిలబెట్టినట్టు ఒక్కొక్కరినీ సర్దింది. అన్న గొంతు నడిమధ్య. గిటారు కాస్త కుడికి. చెల్లెలి గొంతును బాగా ఎడమకు జరిపింది, అన్న భుజాన్ని రాసుకోకుండా. తర్వాత అందరినీ కలిపి విన్నది. చెల్లెలి గొంతు ఎక్కడో దూరాన, తలుపు చాటున ఉన్నట్టుంది.

“ఈ పిల్ల మరీ సన్నగా పాడిందే,” అనుకుంది. శబ్దం పెంచే ఫేడరు మీటను కాస్త పైకి తోసింది. చాల్లేదు. ఇంకాస్త తోసింది. ఒత్తుడు గట్టిగా బిగించింది. జల్లెడలో కీచువైపు ఎత్తి పెట్టింది. అప్పటికి గొంతు తలుపు చాటునుంచి గడప మీదికి వచ్చింది. ఉయ్యాలలో పాప కదిలింది, మూలిగింది, మళ్ళీ సర్దుకుంది. ఆమె ఎడమ చెవి అదంతా విన్నది. తృప్తిగా పాట పంపించేసింది.

మర్నాడు రికార్డింగు గదిలో అందరూ కలిసి విన్నారు. పాపను అత్తగారికి అప్పగించి ఆమె కూడా వెళ్ళింది, వెళ్ళినంతసేపూ తిరిగి వెళ్ళడం గురించే ఆలోచిస్తూ. చిన్న గది, గోడలకు బొంత లాంటి దళసరి గుడ్డ, రెండు పెద్ద స్పీకర్లు. మాస్టారికి జలుబు. మెడకు మఫ్లరు, చేతిలో చేతిరుమాలు.

“రామ్మా చెవులపిల్లీ! నాకు చెవులు రెండూ దిబ్బళ్ళు పడ్డాయి. ఇవాళ నీ చెవులే నా చెవులు,” అన్నారు. ఆ పేరు ఆయన పెట్టిందే.

పాట మొదలైంది. డ్రమ్ములు బాగున్నాయి, దంచుడు తల ఊపాడు. అన్న గొంతు బాగుంది. అంతలో ఎడమ స్పీకరులోంచి చెల్లెలి గొంతు లేచింది. లేవడం కాదు, పొడుచుకొచ్చింది. ‘స’ వచ్చినచోటల్లా స్‌స్‌స్ అని ఆవిరి పొంగినట్టు మోత. ప్రతి వాక్యానికీ ముందు ఊపిరి, మెట్లెక్కి వచ్చిన మనిషి రొప్పినట్టు.

“ఎడమ చెవిలో కందిరీగ దూరిందేంటి?” అన్నాడు దంచుడు.

“కందిరీగ కాదు, మా చెల్లి,” అన్నాడు అన్న. నవ్వలేదు.

మాస్టారు ఫేడరు కిందికి దించారు. మోత తగ్గింది కానీ స్‌స్ పోలేదు, రొప్పూ పోలేదు. చిన్నదైన కందిరీగ, అంతే.

చెల్లెలు నీళ్ళసీసా మూత తిప్పుతూ నిలబడింది. తీస్తుంది, తాగదు, మళ్ళీ బిగిస్తుంది. “నేనిలా పాళ్ళేదన్నయ్యా.”

“మరెవరు పాడారే? పక్కింటావిడా? మైకు ముందు నిలబడింది నువ్వే కదా!”

“ఆ రోజు బాగానే పాడింది కదరా,” అన్నాడు గిటారతను, తలెత్తకుండా.

“నీకేం వినపడింది, నీ గిటారు మోతలో? ముందునుంచీ చెప్తూనే ఉన్నా, ఇంట్లో పాడుకోడం వేరు, రికార్డింగు వేరని. వింటేగా! మాస్టారూ, దాని గొంతు తీసేయండి. నేనొక్కణ్ణే చాలు. ఎల్లుండికి పాట కావాలి.”

మాస్టారు చెవి మీద తట్టుకున్నారు, నీళ్ళు దూరిన మనిషిలా. “నువ్వేమంటావమ్మా?”

“ఇంట్లో విన్నప్పుడు ఇలా లేదండీ,” అంది ఆమె.

“అవి చిన్న హెడ్‌ఫోన్స్, ఇవి పెద్ద స్పీకర్లు. లోపమేదైనా ఉంటే బయటపెట్టేస్తాయి,” అన్నారాయన. ఆ మాటతో గదిలో అందరూ ఒప్పేసుకున్నారు. లోపం ఎవరిదో తేలిపోయినట్టే.

మెట్ల దగ్గర చెల్లెలు వెనకే వచ్చింది. చొక్కా చేతిని వేళ్ళదాకా లాక్కుని ఉంది. “అక్కా, ఒక్క మాట. నిజం చెప్పు. అంత చెండాలంగా ఉందా?”

“చెండాలమని కాదు…”

“పర్లేదులే అక్కా. మా అన్న అన్నాడంటే ఇంక మళ్ళీ మైకు దగ్గరికి రానివ్వడు. రెండో చరణంలో నేనొక్కదాన్నే పైకి వెళ్తాను చూడు, అక్కడ… అదొక్కటైనా ఉంచమని మాస్టార్ని అడుగుతావా?”

“అడుగుతాను,” అంది. అడగలేదు. పాప గుర్తొచ్చి గబగబా బస్సెక్కేసింది. బస్సులో కూర్చున్నాక, పాపను అడ్డం పెట్టుకుని పారిపోయి వచ్చానా అని మనసు పీకింది.

సాయంత్రం భర్త వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. రోజంతా పైకీ కిందికీ తిరిగి ఎక్కడికీ వెళ్ళకుండా ఇంటికొస్తానని అతనే నవ్వుతుంటాడు. చేతులకున్న గ్రీజు రుద్దుకుంటూ, “ఏంటలా ఉన్నావు?” అన్నాడు.

“ఒకమ్మాయి గొంతు తీసేయాలి.”

“పీక కోసేస్తావా ఏంటే!” అని బెదిరిపోయినట్టు నటించాడు. ఆమె నవ్వింది కానీ ఆ నవ్వు పెదవి దాటలేదు.

మర్నాడు పొద్దున పాపకు పాలిచ్చి, పడుకోబెట్టమని అత్తగారికి అందించి, స్నానానికి వెళ్ళొచ్చింది. వచ్చేసరికి ఉయ్యాల లోపలి గదిలో లేదు.

“లోపల గాలాడ్డం లేదని వరండాలో వేశానే,” అన్నారు అత్తగారు. “చూడు, ఎంత హాయిగా పడుకుందో.”

వరండా బల్లకు కుడివైపు. ఆమె కూర్చుంది. అలవాటుగా డిప్ప చెవికి ఆనించుకోబోయి ఆగింది. ఇప్పుడు తెరిచి ఉంచాల్సింది కుడి చెవి. సరేనని కుడివైపు డిప్పను వెనక్కి తోసి, ఎడమ డిప్పను చెవికి ఆనించింది. తీసేసేముందు ఒక్కసారి విందామని పాట పెట్టింది.

ఎవరో చెవిలో నోరుపెట్టి కేకేసినట్టయింది. ఆమె ఉలిక్కిపడి ఫేడరు లాగేసింది. నిన్న రికార్డింగు గదిలో విన్న కందిరీగే. మళ్ళీ కుడి డిప్ప పెట్టుకుంది: అదే గొంతు సన్నగా, దూరంగా, తలుపు చాటున. ఎడమ పెట్టుకుంది: కేక. అటూ ఇటూ మార్చి మార్చి విన్నది, ఎండలో బట్ట తిరగేసి మరకెక్కడుందో వెతికినట్టు.

మరక గొంతులో లేదు.

ఇన్నాళ్ళూ ఆమెకు వచ్చినవి ఒంటరిగా పాడేవాళ్ళ పాటలు. గొంతు నడిమధ్య ఉంటుంది, రెండువైపులా ఒక్కలాగే వస్తుంది, ఏ చెవితో విన్నా ఒకటే. ఇది బ్యాండు. చెల్లెలి గొంతును ఎడమకు జరిపింది తనే. ఆ ఎడమవైపు వినకుండా, కుడి చెవికి వినపడలేదని పెంచిందీ తనే. బిగించిన ఒత్తుడు ఊపిరినంతా పైకి లాగింది. ఎత్తిన కీచు ‘స’లన్నిటినీ ఆవిరి చేసింది. ఆ పిల్ల సన్నగా పాడలేదు. పాడాల్సినంత పాడింది.

ఈ పని ఇచ్చేటప్పుడు మాస్టారు ఒక్కటే అడిగారు: “చంటిపిల్ల ఉంది కదమ్మా, చెవి పూర్తిగా పెట్టగలవా?” పెడతానంది. సగమే పెట్టింది. ఇప్పుడు చెబితే ఇంట్లో చేసుకునే ఈ పని పోతుంది. చెప్పకపోతే ఒక్క మీట నొక్కితే చాలు, ఆ గొంతు మాయమైపోతుంది. ఎవరూ ఏమీ అడగరు. అడగాల్సిన మనిషి కూడా తనదే తప్పనుకుని ఊరుకుంటుంది.

సరిచేయాలంటే రెండు చెవులూ మూసుకోవాలి. కాసేపు కాదు, పాట మొత్తం సర్దేదాకా.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు గిన్నెలు తుడుస్తున్నారు. అత్తగారితో ఆమెకు పేచీ ఏమీ లేదు, ఒక్క సంగతిలో తప్ప. పిల్లలు ఏడిస్తే గుండె బలపడుతుందని, ప్రతిదానికీ ఎత్తుకోకూడదని ఆవిడ సిద్ధాంతం. ఆ సిద్ధాంతమే కోడలి ఎడమ చెవిని ఇన్నాళ్ళూ మూసుకోనివ్వలేదు.

“అత్తయ్యా, పాపని కాసేపు చూస్తారా?”

“రోజూ చూట్టంలా?”

“అలా కాదత్తయ్యా. నాకు… నాకసలేం వినపడదు. రెండు చెవులూ మూసుకుంటా. అది ఏడిస్తే మీరే. నన్ను పిలిచినా నాకు తెలీదు.”

అత్తగారు గిన్నె కింద పెట్టి కోడలి మొహంలోకి చూశారు. “నీ మొగుణ్ణి పెంచిందెవరనుకున్నావే?”

“అందుకే భయం అత్తయ్యా.”

ఆవిడ ఒక్క క్షణం ఆగి, చేతిలో గుడ్డ విసిరేసి పకపకా నవ్వారు. “వెళ్ళవే! వెళ్ళి నీ డిప్పలు తగిలించుకో. ఏడవనివ్వన్లే. చాలా?”

ఆమె కూర్చుంది. కుడి డిప్ప, ఎడమ డిప్ప. ఇల్లు ఆరిపోయింది. ఫ్యాను మోత లేదు, వీధి లేదు, కింద దర్జీ మిషను చప్పుడు లేదు. తన గుండె తనకే వినపడింది.

చెల్లెలి గొంతు మీద చేసిందంతా తుడిచేసింది. ఒత్తుడు తీసింది, జల్లెడ తీసింది, పెంచిన ఫేడరు కిందికి దించింది. పచ్చి గొంతు ఒక్కటే విన్నది. సన్నగా లేదు. వెచ్చగా ఉంది, అడుగున కాస్త గరుకు. దండెం మీంచి తీసిన తువ్వాలు లాంటి గరుకు. ఇదా తను కందిరీగ చేసింది!

మొదటి వాక్యం దగ్గర పాప ఏడ్చింది.

ఆమె డిప్పలు లాగేసింది. నిశ్శబ్దం. వరండా వైపునుంచి చిన్న చప్పుడు కూడా లేదు. మళ్ళీ పెట్టుకుంది, అదే చోట మళ్ళీ ఏడుపు. గొంతు చివర చిన్న జీర, అంతే. ఆ తర్వాత గిటారు తీగ జారినచోట పాప ఏడ్చింది. దంచుడు డ్రమ్ముల మీది ఇత్తడి పళ్ళెం తాకించినచోట ఏడ్చింది. బిడ్డతల్లి చెవికి లోకంలో ప్రతి చప్పుడూ అదే. లేచి చూసి రావాలని కాళ్ళు లాగాయి. ఏడవనివ్వన్లే అన్న మాట తలుచుకుని, బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి కాళ్ళు లాగడం మానేశాయి. ఎప్పుడు మానేశాయో ఆమెకు తెలియదు.

ఊపిరులను ఒక్కొక్కటిగా పట్టుకుని తగ్గించింది. పూర్తిగా తీసేయలేదు. తీసేస్తే మనిషి పోయి బొమ్మ మిగులుతుంది. ‘స’లను మాత్రమే కాస్త అణిచింది, మిగతా అక్షరాలను ముట్టుకోలేదు. ఎడమ చివరనుంచి గొంతును మెల్లగా లోపలికి జరుపుకుంటూ వచ్చింది. ఇక్కడ? ఇంకాస్త? అన్న గొంతు పక్కన, భుజం తగిలీ తగలనట్టు నిలబెట్టాక ఆపింది. ఇద్దరికీ ఒకే గోడలు వేసింది, ఒకే గదిలో పాడుతున్నట్టు. గిటారులో మధ్య బొంగురు కొంచెం జల్లెడ పట్టింది, రెండు గొంతులకూ చోటు కావాలిగా.

రెండో చరణం వచ్చింది. అందరూ ఆగారు. చెల్లెలు ఒక్కతే పైకి వెళ్ళింది. ఆమె ఫేడరు మీద చెయ్యి పెట్టి, ఏమీ చేయకుండా తీసేసింది.

డిప్పలు తీసి మెడలో వేసుకునేసరికి ఎండ కిటికీ మారింది. ఒక్క పరుగున వరండాలోకి వెళ్ళింది. ఉయ్యాల ఖాళీ. అత్తగారు మెట్లెక్కి వస్తున్నారు, భుజం మీద పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది, ఆవిడ చీర భుజం దగ్గర తడిసి ముద్దయింది.

“ఏడ్చిందా?”

“ఏడవక? ఆడపిల్ల, గొంతుండదూ?” అన్నారు అత్తగారు. “నీ పని అయిందా?”

పాప నీలంగా లేదు. ఎర్రగా, చెమటగా, పాల వాసనగా ఉంది. ఏడ్చిందట, తను వినలేదు, ఏమీ కాలేదు. ఆమెకు ఒక పక్క హాయిగానూ మరో పక్క చిన్నబోయినట్టుగానూ అనిపించింది.

మర్నాడు రికార్డింగు గదిలో పాట పెట్టారు. మాస్టారి ఒక చెవి తెరుచుకుంది, రెండోది ఇంకా లేదు. చెల్లెలు రానని కూర్చుంటే గిటారతను లాక్కొచ్చాడట. తలుపు దగ్గరే, చెప్పులు విప్పకుండా నిలబడింది.

మొదటి వాక్యం కాగానే అన్న మొహం చిట్లించాడు. “తీసేయమన్నాను కదండీ?”

“కాస్త వినండి,” అంది ఆమె.

విన్నారు. దంచుడు తల ఊపడం మొదలెట్టి మధ్యలో ఆపేశాడు. రెండో చరణంలో అందరూ ఆగి, ఆ గొంతొక్కటే పైకి వెళ్ళినప్పుడు గదిలో ఎవరూ ఎవరివైపూ చూసుకోలేదు. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“మళ్ళీ పాడించారా?” అన్నాడు అన్న.

“లేదండీ. మీరు మొన్న విన్నదే. పాడుచేసింది నేను.” ఇంక ఆగితే చెప్పలేనని గబగబా చెప్పేసింది. “ఇంట్లో పాప ఉంది. ఏడిస్తే వినపడదని ఒక చెవే పెట్టుకుని చేశాను. మీ చెల్లెల్ని ఎడమపక్క నిలబెట్టి, కుడిపక్క వింటూ కూర్చున్నాను. వినపడక పెంచేశాను. ఆ అమ్మాయి తప్పేం లేదు. మాస్టారూ, చెవి పూర్తిగా పెడతానని మాటిచ్చాను. పెట్టలేదు.”

మాస్టారు ముక్కు తుడుచుకున్నారు.

“ఒంటి చెవితోనా!” అన్నారు. “నేను రెండు చెవులూ దిబ్బళ్ళు పెట్టుకుని పెద్దమనిషిలా తలాడించాను కదమ్మా. లోపం బయటపడుతుందని పాఠం కూడా చెప్పాను. నాకంటే నువ్వే నయం, సగం విన్నావు.” దంచుడు గట్టిగా నవ్వేశాడు. “ఇకనుంచి బ్యాండు పాటలొస్తే ముందు చెప్పు, పాపని ఎవరు చూస్తున్నారో. అది తేలాకే పని మొదలెడదాం. అర్థమైందా?”

ఆమె తల ఊపింది.

“ఇంకోసారి పెట్టండి,” అన్నాడు అన్న. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు. చెల్లెలు చెప్పులు విప్పి లోపలికి వచ్చి, పాటతో పాటు పైకి వినపడకుండా పెదవులు కదుపుతోంది. పాట అయిపోయింది. అతను కళ్ళు తెరిచి చెల్లెలికేసి చూడకుండా, స్పీకరుకేసి చూస్తూ, “ఆ రెండో చరణం తర్వాత నేను మరీ మీద పడిపోతున్నా కదూ,” అన్నాడు. “అక్కడ నాది కాస్త తగ్గించండి.”

“ఎంత?” అంది ఆమె.

“అదెంత చెప్తే అంత.”

“ఇంకా,” అంది చెల్లెలు. “ఇంకాస్త. ఇంకా…”

“చాలే! మొత్తానికి నన్నే తీసేసేలా ఉన్నావు!” అన్నాడు అన్న. మొన్నటినుంచీ ఆ గదిలో అతను నవ్వడం అదే మొదలు.

ఇంటికొచ్చేటప్పుడు ఆమె బస్సులో నిలబడే వచ్చింది, అయినా బరువనిపించలేదు. కింద దర్జీ మిషను ఆపి పలకరించాడు. “మీ అత్తగారికి ఎలా ఉందమ్మా? నిన్న ఎండలో ఆ పిల్లని భుజాన వేసుకుని ఈ చివరనుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నారు. కాసేపు కూర్చోండమ్మా అంటే, కూర్చుంటే లేస్తుంది, లేస్తే ఏడుస్తుంది, ఏడవనివ్వనని కోడలికి మాటిచ్చాను అన్నారు.”

ఆమె మెట్లెక్కింది. అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని టీ వడపోస్తున్నారు, ఎడమ చేత్తో. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు, తనది కానట్టు. పై అరలో చక్కెర డబ్బా ఉంది, ఆవిడ దానికేసి చూసి ఊరుకున్నారు.

“చెయ్యి నొప్పిగా ఉందా అత్తయ్యా?”

“నొప్పేంటే? ఏం లేదు. పాపని చూసొచ్చావా?”

ఆమె డబ్బా దించి అక్కడ పెట్టింది. ఆవిడ వెనక్కి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. నిమరగానే అత్తగారు చురుక్కుమన్నట్టు పళ్ళు బిగపట్టి, తర్వాత కళ్ళు మూసుకుని, “అక్కడే. కాస్త కిందికి,” అన్నారు. టీ చల్లారిపోయింది. లోపల పాప లేచి తనలో తను ఏదో కూస్తోంది. ఇద్దరూ విన్నారు, ఇద్దరూ లేవలేదు.

ఇంతవరకూ చదివారు కదా, ఇక ఒక్క ఉపకారం చేసిపెట్టండి. మీ ఇంట్లోనో, పై వాటాలోనో, ఎదురింట్లోనో చంటిపిల్లను భుజాన వేసుకుని తిప్పే మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. లేచి వెళ్ళి ఒకసారి చూసి రండి. పిల్లకేం ఫరవాలేదు, దాన్ని చూసేవాళ్ళున్నారు. ఎత్తుకున్న మనిషిని చూడండి. ఏం లేదు అంటారు. నమ్మకండి.